శ్యామ్‌బజార్ గెలుస్తుందని రాశాను

ఖిదిర్‌పూర్, కలకత్తా
20 నవంబరు 1986

మావయ్యకి, కాసులమ్మ నమస్కారాలు.

ఇక్కడ అమ్మా నాన్నా నేనూ బాగున్నాం. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఆలస్యానికి కోప్పడకు. కాలేజీ ఒదిలాక రోజూ నాలుగింటికి జట్టుతో కోర్టులో ఉంటున్నాను. భవానీపూర్ నుంచి బస్సు పట్టుకుని ఖిదిర్‌పూర్ చేరేసరికి ఏడవుతుంది. అప్పుడు సరిగ్గా కరెంటు పోతుంది. ఈ ఉత్తరం మూడు సాయంత్రాలుగా రాస్తున్నాను.

జనవరిలో కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ఉంది. ఎనిమిది జట్లు. ఓడినవాళ్లు ఇంటికి, గెలిచినవాళ్లు పై ఆటకి. ముందు నాలుగు ఆటలు, తర్వాత రెండు, చివర ఫైనల్. అన్నీ మా కాలేజీ వెనక కోర్టులోనే. కాలేజీల అసలు పేర్లు చాలా పొడుగు కాబట్టి ఇక్కడందరూ పేటల పేర్లతోనే పిలుస్తారు. మేం భవానీపూర్ వాళ్లం. మాకు మొదట దమ్‌దమ్ పడింది. బాలీగంజ్‌కి హౌరా, శ్యామ్‌బజార్‌కి బెహాలా, శ్రీరాంపూర్‌కి బారక్‌పూర్.

కోర్టు ఎదురుగా మృగాంకదా అని అందరూ అన్నగా పిలిచే ఒకాయనకి ఆటసామాన్ల దుకాణం ఉంది. ఏటా ఆయనో పోటీ పెడతాడు. మొదటి ఆట మొదలుకాకముందే ఏడు ఆటల్లో ఎవరెవరు గెలుస్తారో ఒకే చీటీ మీద రాసి ఆయన పెట్టెలో వెయ్యాలి. ఏడూ కలిస్తే కొత్త తోలుబంతి ఇస్తాడు. పోయినేడు రెండొందల మంది రాశారట. ఒక్కరికీ ఏడూ కలవలేదు.

నువ్వు సోంపేటలో డ్రిల్లు మాస్టారువి అయిపోయి ఎనిమిదేళ్లయినా, ఇక్కడ ఓడల డాకు క్వార్టర్ల వెనక సిమెంటు నేల మీద నాకు బంతి పట్టడం నేర్పింది నువ్వే. అందుకే అడుగుతున్నాను. నీ చీటీ నాకు పంపు. నాది నేను రాస్తాను. ఎవరిది కలుస్తుందో చూద్దాం.

నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

కాసులమ్మ


సోంపేట
3 డిసెంబరు 1986

చిరంజీవి కాసులమ్మకి, మావయ్య ఆశీస్సులు.

‘ఒదిలాక’ కాదు, ‘వదిలాక’. బెంగాలీ కాలేజీలో చదువుతూ తెలుగులో ఇంత పొడుగు ఉత్తరం రాశావు కాబట్టి ఈసారికి మార్కులు తగ్గించను.

నీ ఉత్తరం మా మాస్టర్ల గదిలో చదివి వినిపించాను. నా మేనకోడలు కలకత్తా కాలేజీ జట్టులో ఆడుతోందని చెబితే మా లెక్కల మాస్టారు నమ్మలేదు. డాకు కూలీల ఇంటి పిల్ల బాస్కెట్‌బాల్ ఆడడమేమిటన్నాడు. ఆ మాట నాకు తగిలింది. జనవరి దాటనివ్వండి, పేపరు ముక్క తెచ్చి చూపిస్తానన్నాను.

ఇదిగో నా చీటీ. మొదటి నాలుగు: భవానీపూర్, బాలీగంజ్, శ్యామ్‌బజార్, బారక్‌పూర్. తర్వాత రెండు: భవానీపూర్, శ్యామ్‌బజార్. ఫైనల్: భవానీపూర్. ఇందులో తెలివేమీ లేదు. బాలీగంజ్ వాళ్లకి నా రోజుల్లోనే మంచి కోర్టు ఉండేది. బారక్‌పూర్ అమ్మాయిలు గట్టివాళ్లు. ఇక నా మేనకోడలున్న జట్టు ఓడిపోతుందని నేను రాయను.

నీకు ఏ నంబరు బనియను ఇచ్చారు? ఏ చోట ఆడుతున్నావు? నువ్వు పొట్టి కాబట్టి బంతి నడిపించే పనే ఇచ్చి ఉంటారు. ఎడమచేత్తో దొర్లించడం ఇంకా అలాగే బద్ధకంగా ఉందా? వివరంగా రాయి.

అక్కకీ బావకీ నా నమస్కారాలు.

మృత్యుంజయ


ఖిదిర్‌పూర్
15 డిసెంబరు 1986

మావయ్యకి, నమస్కారాలు.

నీ చీటీ చూసి నవ్వొచ్చింది. నువ్వు ఎనిమిదేళ్ల కిందటి కలకత్తాకి చీటీ రాశావు.

బాలీగంజ్‌కి ఐదుగురే ఉన్నారు. ఆ ఐదుగురూ బాగా ఆడతారు, కానీ బెంచీ మీదనుంచి లేచే ఆరో అమ్మాయి చేతకానిది. సెప్టెంబరు నుంచి వాళ్ల ఆటలు నాలుగు చూశాను. నాలుగింట్లోనూ చివరి ఐదు నిమిషాల్లో వెనకబడ్డారు. హౌరా అమ్మాయిలు ఫెర్రీ దాటి, ఘాట్ నుంచి కోర్టుదాకా నడిచి వచ్చి ఆడతారు. ఆఖరి నిమిషంలో కూడా మొదటి నిమిషంలాగే పరిగెడతారు. హౌరాయే గెలుస్తుంది.

బారక్‌పూర్ గట్టివాళ్లే, కానీ వాళ్లకి ఫౌళ్లు ఎక్కువ. ఆట సగమయ్యేసరికి ఇద్దరు ముగ్గురు నాలుగేసి ఫౌళ్లతో, ఐదోది పడితే బయటికేనని భయంభయంగా ఆడుతుంటారు. అందుకని శ్రీరాంపూర్.

శ్యామ్‌బజార్‌లో ఒక ఎడమచేతి అమ్మాయి ఉంది. మూల నుంచి పదహారు సార్లు వేస్తే పదకొండు పడ్డాయి. అందరూ ఆమెని కుడివైపు నుంచే అడ్డుకుంటారు, ఎందుకో తెలీదు.

ఇక మేం. మాకు శర్మిష్ఠాది ఉంది. అందరికీ అక్క, కెప్టెన్. ఆమెలాంటి ఆటగత్తె ఈ ఎనిమిది కాలేజీల్లో లేదు. అదే మా చిక్కు. ఆట బిగుసుకుంటే మావాళ్లందరూ బంతి ఆమెకే ఇస్తారు. ముగ్గురు వచ్చి ఆమె చుట్టూ నిలబడతారు. ఈ ఏడు మేం ఓడిన మూడు ఆటలూ అలాగే ఓడిపోయాం.

కాబట్టి నా చీటీ: భవానీపూర్, హౌరా, శ్యామ్‌బజార్, శ్రీరాంపూర్. తర్వాత భవానీపూర్, శ్యామ్‌బజార్. ఫైనల్ శ్యామ్‌బజార్.

రాసేటప్పుడు చెయ్యి ఆడలేదు మావయ్యా. కానీ కనిపించింది కదా, వేరే ఎలా రాయను. మడిచి పెట్టెలో వేస్తుంటే మా జట్టు అమ్మాయి ఒకతి వెనకనుంచి చదివేసింది. తెల్లారేసరికి అందరికీ తెలిసిపోయింది. ‘కాశీ మనం ఓడిపోతామని రాసింది’ అని. ఇక్కడ నన్ను కాశీ అంటారు. కాసులమ్మ అనడం వాళ్లకి రాదు. శర్మిష్ఠాది నాతో మాట్లాడడం మానేసింది.

నాన్న డాకులో కనిపించినవాళ్లందరికీ టోర్నమెంట్ సంగతి చెబుతున్నాడు.

కాసులమ్మ


సోంపేట
24 డిసెంబరు 1986

చిరంజీవి కాసులమ్మకి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

ఫైనల్ ఆటకి నేను వస్తున్నాను. ముందు రోజు మెయిలు ఎక్కి హౌరాలో దిగి నేరుగా కోర్టుకే వస్తాను. నీ ఆట చూసి ఎనిమిదేళ్లయింది.

మృత్యుంజయ


ఖిదిర్‌పూర్
3 జనవరి 1987

మావయ్యకి,

నువ్వు రావద్దు. వచ్చినా చూడడానికి ఏమీ ఉండదు. నేను జట్టులో లేను.

ఆగస్టులో పన్నెండుమందిని తీసుకున్నారు. నేను పదమూడోదాన్ని. మా కోచ్, ప్రణతిది అని పిలిచే అక్క, నన్ను పక్కకి పిలిచి, “నీ కళ్లు చురుకు కాశీ, కాళ్లు ఆలస్యం” అంది. ఆ మాట మెత్తగానే అంది. నేను ఇంటికొచ్చి అమ్మకీ నాన్నకీ చెబుదామనుకున్నాను. గుమ్మంలోనే నాన్న మిఠాయి పొట్లం పట్టుకుని కూర్చున్నాడు. “పేరొచ్చినాదేటి” అనడిగాడు. నేను తలూపాను. అంతే. నోటితో అబద్ధం చెప్పలేదు, తలతో చెప్పాను.

వారం తర్వాత ప్రణతిది నాకు స్కోరు పుస్తకం రాసే పని ఇచ్చింది. ఎవరు బంతి వేశారు, ఎవరికి ఫౌలు పడింది, ఏ నిమిషంలో ఎంత, అన్నీ గళ్లలో రాయాలి. నీకు రాసిన ఉత్తరాల్లో నేను ఆడుతున్నానని ఎక్కడా రాయలేదు, చూసుకో. జట్టుతో ఉన్నానని రాశాను. అదీ తలూపడంలాంటిదే.

నా పుస్తకం శుభ్రంగా ఉందని టోర్నమెంట్ సెక్రటరీగారు చూసి, ఏడు ఆటలకీ బల్ల దగ్గర నన్నే రాయమన్నారు. బల్ల దగ్గర రాసిందే అసలు స్కోరు. బోర్డు జనం కోసం. ఇదొక్కటే నేను గొప్పగా చెప్పుకోగలిగేది. కానీ దీన్ని గొప్పగా చెబితే మిగతాది ఒప్పుకోవాలి. అందుకే ఎవరికీ చెప్పలేదు.

మీ లెక్కల మాస్టారికి ఏం చెబుతావో నాకు తెలీదు. నన్ను క్షమించు.

కాసులమ్మ


సోంపేట
10 జనవరి 1987

చిరంజీవి కాసులమ్మకి, మావయ్య ఆశీస్సులు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నేను కలకత్తా రావడం లేదు. పబ్లిక్ పరీక్షల ముందు మా హెడ్మాస్టరు ఒక్క పూట సెలవు కూడా ఇవ్వడు. వస్తున్నానని రాస్తే నువ్వే చెబుతావని రాశాను. నిన్ను అలా బిగించినందుకు నాకూ సిగ్గుగానే ఉంది.

నాకు నీ డిసెంబరు ఉత్తరంతోనే తెలిసిపోయింది. ఆడే మనిషికి బంతి కనిపిస్తుంది, ఎదురుగా అడ్డొచ్చిన మనిషి కనిపిస్తుంది. అవతలి బెంచీ మీద ఆరో పిల్ల చేతకానిదని కనిపించదు. పదహారింట్లో పదకొండు పడ్డాయని గుర్తుండదు. అవన్నీ కూర్చున్నవాళ్లకే కనిపిస్తాయి. ఆ సంగతి నాకు ఎలా తెలుసంటావా? నేను కలకత్తా పోర్టు జట్టులో మూడేళ్లు ఉన్నానని మీ అమ్మ గొప్పగా చెబుతుంది కదా. ఆ మూడేళ్లలో నేను కోర్టులో ఆడింది మొత్తం పదకొండు నిమిషాలు. మిగతా అంతా బెంచీయే. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ బెంచీ మీద నేర్చుకున్నదానితోనే ఈ బళ్లో పిల్లలకి ఆట నేర్పుతున్నాను.

నువ్వు రాసిన ఆ ఉత్తరం రాయాలంటే ఆట ఎంత చూసి ఉండాలి? మా మాస్టర్ల గదిలో మళ్లీ చదవాలనుంది.

ఇక రెండు పనులున్నాయి. రెండూ నువ్వే చెయ్యాలి.

ఒకటి, బావకి చెప్పు. నా ద్వారా కాదు, అక్క ద్వారా కాదు. ఎదురుగా నిలబడి నోటితో చెప్పు.

రెండు, పెట్టెలోంచి నీ చీటీ తీసేసుకో. ఫలానావాళ్లు గెలుస్తారని చీటీ వేసిన మనిషి బల్ల దగ్గర కూర్చోకూడదు. నువ్వు తప్పు రాయవు, నాకు తెలుసు. కానీ ఒక్క గీత దగ్గర గొడవ వచ్చిందనుకో, నీ చీటీ కోసమే రాశావంటారు. అప్పుడు నీ పుస్తకానికి విలువ పోతుంది. ఏడూ కలిసేలా ఉన్న చీటీని వదులుకోవడం కష్టమే. అయినా వదులుకో.

మృత్యుంజయ


ఖిదిర్‌పూర్
26 జనవరి 1987

మావయ్యకి, నమస్కారాలు.

రెండు పనులూ చేశాను.

ఆటలు పద్ధెనిమిదిన మొదలయ్యాయి. పదిహేడునే మృగాంకదా దుకాణానికి వెళ్లి చీటీ వెనక్కి ఇమ్మన్నాను. ఎందుకన్నాడు. “బల్ల దగ్గర నేనే రాస్తున్నాను దాదా” అన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. తాళం తీసి, చీటీలన్నీ గల్లా మీద గుమ్మరించి, నాది వెతికి చేతిలో పెట్టాడు. జట్టులో ఎవరికీ చెప్పలేదు. చెబితే మంచిపేరు కోసం తీశాననుకుంటారు. శర్మిష్ఠాది ఇప్పటికీ నావైపు చూడకుండానే పోతోంది.

నాన్నకి చెప్పడం దానికంటే కష్టమైంది. ఆదివారం పొద్దున్న చొక్కాకి బొత్తాం కుట్టుకుంటుంటే ఎదురుగా నిలబడి చెప్పేశాను. నాన్న సూది ఆపలేదు. కుట్టడం అయ్యాక దారం కొరికి, “ఆటాడ్డానికని ఎల్లి రాత రాస్తన్నావేటి” అన్నాడు. అవునన్నాను. “మరి నాను అందరికీ ఏటి సెప్పీది” అన్నాడు. చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. నాలుగు రోజులయ్యాక అన్నం తింటూ, “ఆ రాత తప్పయితే ఏటవుద్ది” అనడిగాడు. ఓడినవాళ్లు గెలుస్తారు, గెలిచినవాళ్లు ఓడతారు అన్నాను.

ఇప్పుడు ఆటల సంగతి. మొదటి రోజు మేం దమ్‌దమ్‌ని గెలిచాం. హౌరా బాలీగంజ్‌ని నాలుగు పాయింట్లతో ఓడించింది, అన్నీ చివరి నిమిషాల్లోనే. శ్యామ్‌బజార్, శ్రీరాంపూర్ గెలిచాయి. నిన్న సెమీఫైనళ్లు. మేం హౌరాని గెలిచాం, శ్యామ్‌బజార్ శ్రీరాంపూర్‌ని గెలిచింది. ఆరుకి ఆరూ కలిశాయి మావయ్యా, పెట్టెలో లేని చీటీకి. నిన్న బల్ల దగ్గర నాలో నేనే నవ్వుకున్నాను. పక్కన టైము చూసే ఆయన వింతగా చూశాడు. నీకు నాలుగే కలిశాయి.

ఫైనల్ ఫిబ్రవరి ఒకటి, ఆదివారం. మాకూ శ్యామ్‌బజార్‌కీ. మా కాలేజీయే ఆడుతుంటే నేను రాయడం బాగుండదని సెక్రటరీగారికి చెప్పాను. ఆయన శ్యామ్‌బజార్ కోచ్ బాగ్చీ సార్‌ని పిలిచి అడిగాడు. బాగ్చీ సార్ నా పుస్తకం తీసుకుని, వాళ్ల సెమీఫైనల్ పేజీ మొదటి గీత నుంచి చివరిదాకా వేలితో చూశాడు. “నా జట్టు గురించి నాకంటే ఈ అమ్మాయికే బాగా తెలుసు. ఈమే రాయాలి” అని వెళ్లిపోయాడు.

ఆ మాట ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ నాన్నకి చెప్పింది. నాన్న ఏమన్నాడో అమ్మ చెప్పలేదు.

కాసులమ్మ


ఖిదిర్‌పూర్
3 ఫిబ్రవరి 1987

మావయ్యకి,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం హజ్రా దగ్గర ఏదో యూనియన్ ఊరేగింపు ఉండి బస్సులు ఆగిపోయాయి. నేను పొద్దున్నే వెళ్లిపోయాను కాబట్టి ఇబ్బంది పడలేదు. మూడు గంటలకి ఆట మొదలయ్యేసరికి కోర్టు చుట్టూ మూడొందల మంది ఉన్నారు. మొదటి సగం అయ్యాక తలెత్తి చూస్తే మెట్ల మీద నాన్న. పక్కన నాన్నతో డాకులో పనిచేసే బైరాగి బాబాయి, అప్పలసూరి బాబాయి. ముగ్గురూ ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. ఖిదిర్‌పూర్ నుంచి నడిచొచ్చారని తర్వాత తెలిసింది. నేను మళ్లీ పుస్తకంలోకి తల దించేశాను.

ఆట చివరికొచ్చేసరికి శ్యామ్‌బజార్ 41, మేం 40. యాభై సెకన్లున్నాయి. శర్మిష్ఠాదిని తోసేశారు. రెండు ఫ్రీత్రోలు. మొదటిది పడింది. 41, 41. రెండోదీ రింగులోంచి దిగింది. జనం లేచి అరుస్తున్నారు. కానీ బంతి రింగుని తాకకముందే ఆమె కుడికాలు గీత దాటింది. రిఫరీ విజిలు వేసి, చేతులు అడ్డంగా ఊపి, అది చెల్లదన్నాడు. నేను ఆయన చేతులే చూస్తున్నాను కాబట్టి పుస్తకంలో వెయ్యలేదు. బోర్డు దగ్గర ఉన్న గుమాస్తాగారికి ఆ గోలలో విజిలు వినబడలేదు. పలక తిప్పేశాడు. భవానీపూర్ 42.

నేను బోర్డు చూసేసరికి ఆట మళ్లీ మొదలైపోయింది. శ్యామ్‌బజార్ వాళ్లు వేసింది పడలేదు, బంతి మాకొచ్చింది. మావాళ్లు బోర్డు చూసి గెలిచేశామనుకుని బంతి అటూ ఇటూ తిప్పుతూ సమయం గడుపుతున్నారు. బంతి ఆటలో ఉండగా బల్ల దగ్గరివాళ్లు కల్పించుకోకూడదు. గంట మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. బంతి బయటికి పోకపోతే ఆట అలాగే అయిపోతుంది, నేను నోరు విప్పే పనే ఉండదు. అలా అయిపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను మావయ్యా. నీకు కాక ఎవరికి చెబుతాను.

పన్నెండు సెకన్లుండగా మావాళ్ల చేతిలోంచి బంతి జారి గీత దాటింది. గంట నొక్కాను. లేచి నిలబడ్డాను. రిఫరీ వచ్చాడు. “బోర్డు తప్పు. భవానీపూర్ నలభై రెండు కాదు, నలభై ఒకటి” అన్నాను. ఆయన పుస్తకం చూశాడు, తల ఊపాడు, బోర్డు మార్పించాడు. మా కాలేజీవాళ్లు చేసిన గోల ఎలా రాయను. బంతి శ్యామ్‌బజార్‌ది. మూలకి ఇచ్చారు. ఆ ఎడమచేతి అమ్మాయి వేసింది. 43, 41. అయిపోయింది.

నేను పుస్తకం కింద గీత గీస్తుంటే మా జట్టు అమ్మాయిలు బల్ల చుట్టూ మూగారు. “చీటీ గెలవడానికే చేశావు. శ్యామ్‌బజార్ అని నువ్వే కదా రాశావు” అని ఒకతి పెద్దగా అంది. జనం ఆగి వింటున్నారు. మెట్ల మీద నాన్న లేచి నిలబడడం కనిపించింది.

అప్పుడు మృగాంకదా జనాన్ని తోసుకుని వచ్చాడు. “ఆ చీటీ నా పెట్టెలో లేదు. మొదటి ఆటకి ముందు రోజే ఈ అమ్మాయి వెనక్కి పట్టుకెళ్లింది. ఉండి ఉంటే ఇవాళ ఏడూ కలిసేవి, బంతి ఆమెదే అయ్యేది. కావాలంటే దుకాణానికి రండి, పెట్టె విప్పి చూపిస్తాను” అన్నాడు.

ఎవరూ కదల్లేదు. శర్మిష్ఠాది తువ్వాలు మెడలో వేసుకుని వచ్చింది. నెలన్నర తర్వాత నా మొహంలోకి చూసింది. మాట జట్టుతోనే అంది, కళ్లు మాత్రం నామీదే ఉన్నాయి. “నా కాలు గీత దాటింది. విజిలు నాకు వినబడింది. బోర్డు తప్పని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. కాశీ ఊరుకోలేదు. ఇంకెవరైనా ఏమైనా అనాలంటే నన్ను అనండి.”

తర్వాత నా చేతిలోంచి పెన్ను తీసుకుని కెప్టెన్ సంతకం పెట్టింది. ఆమె ఏడుస్తోందని అప్పుడు చూశాను. ఇద్దరం బల్ల దగ్గరే చాలాసేపు కూర్చున్నాం. చివరి ఐదు నిమిషాల్లో బంతి అందరూ తనకే ఇవ్వడం గురించి నేను ఏం రాసుకున్నానో చూపించమంది. పేజీలు తిప్పి చూపించాను. “ఇది నాకు నవంబరులో ఎందుకు చెప్పలేదు” అంది. నువ్వు అడగలేదు అన్నాను. మళ్లీ ఏడాది అడుగుతానంది.

ఓడిపోయాం. నాకు బాధగానే ఉంది. కానీ ఇంటికి తలెత్తుకునే వచ్చాను.

కాసులమ్మ


సోంపేట
11 ఫిబ్రవరి 1987

చిరంజీవి కాసులమ్మకి, మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం పట్టుకుని మాస్టర్ల గదికి వెళ్లాను. అందరూ ఉన్నప్పుడు నిలబడి, “నవంబరులో నేను చెప్పింది తప్పు. నా మేనకోడలు ఆడదు. స్కోరు రాస్తుంది. ఏం రాసిందో వినండి” అని మొదటినుంచి చివరిదాకా చదివాను. మధ్యలో బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. పై తరగతి పిల్లలు తలుపు దగ్గర నిలబడి విన్నారు.

అయ్యాక లెక్కల మాస్టారు ఉత్తరం అడిగి తీసుకుని, బంతి బయటికి పోకపోతే బాగుండునని నువ్వు రాసిన చోట మళ్లీ చదివాడు. “ఆ వాక్యం రాయకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదండీ” అన్నాడు. అదేనండీ మా పిల్ల, అన్నాను. డాకు కూలీల మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

నేను బెంచీ మీద గడిపిన మూడేళ్ల సంగతి కూడా ఆ రోజే వాళ్లకి చెప్పేశాను. నువ్వు బావ ఎదుట నిలబడినప్పుడు, నేను ఈ గదిలో నిలబడలేనా?

నీ ఉత్తరంలో ఈసారి ఒక్క అక్షరం తప్పు లేదు. చూసుకున్నావా?

మృత్యుంజయ


ఖిదిర్‌పూర్
19 ఫిబ్రవరి 1987

మావయ్యకి, నమస్కారాలు.

సెక్రటరీగారు కబురు పెట్టారు. ఏప్రిల్లో స్కోరర్ల పరీక్ష ఉందట. పాసైతే రాష్ట్రస్థాయి ఆటలకి కూడా స్కోరు రాయొచ్చు. నా పేరు ఆయనే పంపారు, పక్కన బాగ్చీ సార్ సంతకం ఉంది. మొన్న శర్మిష్ఠాది మా ఇంటికొచ్చింది. అమ్మ పెట్టిన చేపల పులుసు రెండుసార్లు వేయించుకుంది. కారానికి కళ్లు తుడుచుకుంటూనే తింది. కాసులమ్మ అనడం నేర్చుకుంటోంది.

నాన్న నీకు ఉత్తరం రాయాలన్నాడు. తను చెబుతాడట, నన్ను రాయమన్నాడు. నేనేమీ మార్చకూడదట. అన్నది అన్నట్టే రాస్తున్నాను.

“బావా, నాకు ఆ ఆట తెల్దు. బంతి ఎటెల్తందో ఎటొస్తందో కూడా తెల్దు. గుంట ఆడ్డం లేదని తెలిసినాక, నాను ఎల్లకూడదనే అనుకున్నాను. ఆ అవతలి మేస్టరు ఈ గుంటే రాయాల అన్నాడని మీ అక్క సెప్పినాక ఎల్లాలనిపించినాది. బస్సుల్లేవు. నడిసే ఎల్లినాం. బైరాగిగాడు మెట్ల మీద కూకుని, ‘మీ గుంటేదిరా, ఆడ్డం లేదేటి’ అనడిగినాడు. బల్ల కాడ కూకుంది సూడు, అన్నాను. ఆడు నవ్వినాడు. నాను సిగ్గుతో తల దించుకున్నాను, అబద్దమెందుకు.

“అంతలో గుంట గంట కొట్టి లెగిసినాది. పదిమంది పొడుగు గుంటలు ఆగిపోనారు. ఈలలేసే ఆ ఇద్దరూ ఆగిపోనారు. జనమంతా నోరు మూసుకున్నారు. మన గుంట ఒక్క మాట సెప్తే ఆ పెద్ద బోర్డు మారిపోనాది. నాను ముప్పయ్యేళ్లుగా డాకులో పని సేస్తన్నాను. నాను సెయ్యెత్తితే పైన కిరేను ఆగుద్ది. మనలో అంతకంటే పెద్ద పని ఎవులికీ రాదనుకున్నాను. వచ్చినాది బావా. మనింటి గుంటకే వచ్చినాది.

“బైరాగిగాడు మరి నవ్వనేదు. ఖిదిర్‌పూర్ దాకా నడిసొచ్చేటప్పుడు దారంతా, ‘నాకు అప్పుడే తెలుసు’ అంటానే ఉన్నాడు.”

గవరయ్య చెప్పగా రాసింది,
కాసులమ్మ